టీవీ రికార్డింగ్‌కి డీవీఆర్: అట్టపెట్టె మీద రాయని లెక్కలు

1999 జనవరిలో లాస్ వేగస్‌లో జరిగిన సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ షోలో టివో, రీప్లేటీవీ అని రెండు పెట్టెలు చూపించారు. క్యాసెట్ అక్కర్లేకుండా హార్డ్‌డిస్క్ మీద టీవీ రికార్డ్ చేసుకోవడం, లైవ్‌లో వస్తున్నదాన్ని పాజ్ చేసి లేచి వెళ్ళి మళ్ళీ వచ్చి చూడటం ఇళ్ళలోకి వచ్చింది వాటితోనే. 2025 అక్టోబర్ వచ్చేసరికి ఆ టివోనే ఇలాంటి డీవీఆర్ (డిజిటల్ వీడియో రికార్డర్) పెట్టెలు అమ్మడం ఆపేసింది. దాంతో చాలామందికి మళ్ళీ పాత డౌట్లు మొదలయ్యాయి, అసలు ఇప్పుడు డీవీఆర్ కొనడంలో అర్థం ఉందా, కొంటే ఏది కొనాలి, 500 జీబీ సరిపోద్దా 1 టీబీ కావాలా, ఓటీటీలు ఉండగా ఇదంతా ఎందుకు అని. ఎవర్నైనా అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. అలాగని ఎవరూ తప్పు చెప్పట్లేదు, ఒకే పేరు పట్టుకుని వేరే వేరే వస్తువుల గురించి మాట్లాడుతున్నారు, చిక్కంతా అక్కడే.

షాపులో మనకి మొదట చూపించేది డిస్క్ సైజు. నా లెక్కలో అది చివర్లో చూసుకోవాల్సిన విషయం. రికార్డ్ అయిన ఫైల్‌ని తెరిచే తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టే మిగతావన్నీ తేలతాయి. అది అర్థం కావాలంటే ముందు కొన్ని చిన్న విషయాలు తెలియాలి.

## డీవీఆర్ పేరుతో దొరికేవన్నీ ఒకటి కాదు

ఆన్‌లైన్‌లో డీవీఆర్ అని వెతికితే ముందు వచ్చేవన్నీ సీసీటీవీ పెట్టెలే. వాటి వెనక కెమెరా వైర్లు తిప్పి బిగించే గుండ్రటి బీఎన్‌సీ సాకెట్లు వరసగా ఉంటాయి, టీవీ ఛానెల్ పట్టే ట్యూనర్ మాత్రం ఉండదు. '8 ఛానెల్ డీవీఆర్' అంటే 8 కెమెరాలు తగిలించొచ్చని, 8 టీవీ ఛానెళ్ళు వస్తాయని కాదు. ఇది తెలీక కొని వెనక్కిచ్చేవాళ్ళు ఉంటారు కాబట్టే ముందే చెప్పడం.

టీవీ వైపు వస్తే డీవీఆర్ అన్నా పీవీఆర్ అన్నా ఒకటే. ఇందులో మళ్ళీ రకాలున్నాయి. కేబుల్ వాళ్ళో డిష్ వాళ్ళో ఇచ్చే రికార్డింగ్ సెట్‌టాప్ బాక్స్ ఒకటి. ఏ ఆపరేటర్‌తోనూ సంబంధం లేకుండా యాంటెన్నా నుంచో ఫ్రీ డిష్ సిగ్నల్ నుంచో రికార్డ్ చేసే సొంత పెట్టె ఇంకొకటి. టీవీకే యూఎస్‌బీ డిస్క్ తగిలించి రికార్డ్ చేసుకోవడం మూడో రకం. నాలుగోది నెట్‌వర్క్ ట్యూనర్, అంటే హెచ్‌డీ హోమ్‌రన్ లాంటి చిన్న డబ్బా సిగ్నల్‌ని ఇంటి వైఫై రౌటర్‌లోకి పంపిస్తుంది, కంప్యూటర్‌లోనో ఎన్ఏఎస్‌లోనో (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్క్ పెట్టె) నడిచే టీవీహెడ్‌ఎండ్, జెల్లీఫిన్, ప్లెక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ దాన్ని రికార్డ్ చేస్తుంది. ఐదోది క్లౌడ్ డీవీఆర్, రికార్డింగ్ మనింట్లో ఉండదు, ఆపరేటర్ సర్వర్‌లో ఉంటుంది. ఈ ఐదింటిలో దేన్ని గురించి అడుగుతున్నామో తేలకుండా ఏది మంచిది అంటే జవాబు ఉండదు.

## రికార్డింగ్ క్వాలిటీ అనే మాట ఇప్పుడు పెద్దగా వర్తించదు

మొదటి టివో కాలంలో టీవీ అనలాగ్. వచ్చే బొమ్మని పెట్టే స్వయంగా ఎంపెగ్-2 అనే డిజిటల్ ఫార్మాట్‌లోకి కుదించాల్సి వచ్చేది. అందుకే అప్పట్లో 14 గంటల మోడల్ అంటే అది బాగా తక్కువ క్వాలిటీలో పెట్టుకుంటే వచ్చే లెక్క, క్వాలిటీ పెంచితే గంటలు తగ్గిపోయేవి.

డిజిటల్ వచ్చాక ఈ కథ మారిపోయింది. ఛానెల్ వాళ్ళే బొమ్మని కుదించి పంపుతారు, మన పెట్టె ఆ డేటాని వచ్చింది వచ్చినట్టు డిస్క్ మీద రాసుకుంటుంది అంతే. ఖరీదైన డీవీఆర్‌లో బొమ్మ బాగా రికార్డ్ అవుతుంది, చవకదాంట్లో మసకగా వస్తుంది అనేది ట్యూనర్ ఉన్న పెట్టెల విషయంలో నిజం కాదు, రెండింటిలోనూ ఫైల్ ఒకటే. తేడా వచ్చేది వేరే సెట్‌టాప్ బాక్స్ నుంచి ఏవీ వైరుతో బొమ్మ తీసుకుని రికార్డ్ చేసే పెట్టెల్లో, ఎందుకంటే అక్కడ ఒకసారి విప్పిన బొమ్మని రెండోసారి కుదించాలి, ఆ రెండోసారిలో ఎంతో కొంత పోతుంది.

## గంటల లెక్క ఎలా వస్తుందంటే

సెకనుకి 1 మెగాబిట్ (1 ఎంబీపీఎస్) చొప్పున వచ్చే డేటాని గంటసేపు రాస్తే 450 ఎంబీ అవుతుంది, 8 బిట్లు ఒక బైట్ కాబట్టి 3600 సెకన్లని 8తో భాగించడమే. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఏ కంపెనీ చెప్పిన గంటలైనా మనమే సరిచూసుకోవచ్చు. మామూలు ఎస్‌డీ ఛానెల్ 3 ఎంబీపీఎస్‌లో వస్తుందనుకుంటే గంటకి 1.35 జీబీ. హెచ్‌డీ 8 ఎంబీపీఎస్ అనుకుంటే 3.6 జీబీ. 4కె 25 ఎంబీపీఎస్ అనుకుంటే 11.25 జీబీ. ఇప్పుడు అదే 1 టీబీ డిస్క్‌లో ఎస్‌డీ అయితే 740 గంటలు, హెచ్‌డీ అయితే 277 గంటలు, 4కె అయితే 88 గంటలు పడతాయి. అట్టపెట్టె మీద '700 గంటల వరకు' అని పెద్దక్షరాల్లో రాసి ఉంటే అది ఎస్‌డీ లెక్క అన్నమాట, రాసింది అబద్ధం కాదు గానీ మనం చూసేది హెచ్‌డీ అయితే అది మన లెక్క కాదు.

ఇంటి వాడకం మీద వేసి చూద్దాం. వారానికి 5 రోజులు రోజుకో గంట సీరియల్ హెచ్‌డీలో రికార్డ్ చేస్తే వారానికి 18 జీబీ. చూసినవి చూసినట్టు తీసేసే ఇంట్లో 500 జీబీ కూడా ఎప్పటికీ నిండదు. అసలేదీ తీసేయకపోయినా 27 వారాలు పడుతుంది. అదే పిల్లల ప్రోగ్రాములు, పాత సినిమాలు, మ్యాచ్‌లు దాచుకునే అలవాటున్న ఇంట్లో 2 టీబీ కూడా ఏదో ఒకరోజు చాలదు. సైజు గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు, చాలా పెట్టెల్లో డిస్క్ తర్వాత మార్చుకోవచ్చు కూడా. మార్చలేనిది ట్యూనర్లు.

## ఎన్ని ట్యూనర్లు: ఏడు నిమిషాల తగువు

ఒక ట్యూనర్ ఒకసారికి ఒక ఫ్రీక్వెన్సీనే పట్టుకుంటుంది. 8:00 నుంచి 8:30 దాకా ఒక ఛానెల్‌లో సీరియల్, 8:30 నుంచి 9:30 దాకా ఇంకో ఛానెల్‌లో ప్రోగ్రాం ఉందనుకోండి. ఒకటి అయిపోయాకే ఇంకోటి కదా, ఒక్క ట్యూనర్ చాలు అనిపిస్తుంది. కానీ ఛానెళ్ళు గడియారం పట్టుకుని నడవవు కాబట్టి డీవీఆర్‌లో ముందు 2 నిమిషాలు వెనక 5 నిమిషాలు అదనంగా పెడతాం. అప్పుడు మొదటిది 7:58 నుంచి 8:35, రెండోది 8:28 నుంచి 9:35. మధ్యలో 7 నిమిషాలు రెండూ కలిసి నడవాలి, ఒక్క ట్యూనరే ఉంటే సీరియల్ చివరి సీన్ పోతుంది లేదా రెండోదాని మొదలు పోతుంది. అదే టైంకి ఇంట్లో ఇంకొకరు వేరే ఛానెల్‌లో లైవ్ న్యూస్ చూడాలంటే మూడో ట్యూనర్ కావాలి.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది, దీన్ని అమ్మేవాళ్ళు కూడా సరిగ్గా చెప్పరు. డిజిటల్‌లో ఒక ఫ్రీక్వెన్సీ అంటే ఒక ఛానెల్ కాదు, ఒకే బస్సులో చాలామంది వచ్చినట్టు ఒక ఫ్రీక్వెన్సీలో చాలా ఛానెళ్ళు కలిసి వస్తాయి. ట్యూనర్ ఆ బస్సుని ఆపితే అందులో ఉన్న ఎన్ని ఛానెళ్ళనైనా రికార్డ్ చేయొచ్చు, సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే. టీవీహెడ్‌ఎండ్ లాంటివి ఒప్పుకుంటాయి, చాలా రెడీమేడ్ పెట్టెలు ఒప్పుకోవు. అందుకే ఒకరు రెండు ట్యూనర్లతో ఐదు రికార్డింగులు చేస్తున్నాం అంటే ఇంకొకరు అదెలా కుదురుతుంది అని వాదనకి దిగుతారు, ఇద్దరూ చెప్పేది నిజమే.

డిష్ అయితే ఇంకో మెలిక. గొడుగు మీద సిగ్నల్ పట్టే ఎల్ఎన్‌బీకి పెట్టె పంపే కరెంట్ 13 వోల్టులైతే ఒక రకం తరంగాలు, 18 వోల్టులైతే ఇంకో రకం, దాని మీద 22 కిలోహెర్ట్జ్ టోన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి పై బ్యాండా కింది బ్యాండా అని తేలుతుంది. అంటే మామూలు యూనివర్సల్ ఎల్ఎన్‌బీ నుంచి వచ్చే ఒక వైరులో ఒకసారికి ఈ నాలుగు గుంపుల్లో ఒక్కటే వస్తుంది. పెట్టెలో రెండు ట్యూనర్లు ఉండి వైరు ఒక్కటే లాగితే రెండో ట్యూనర్‌కి కొన్ని ఛానెళ్ళు వస్తాయి కొన్ని రావు, పెట్టె పాడైందేమో అనుకుంటాం, పెట్టె బాగానే ఉంటుంది. రెండో వైరు లాగడం ఒక దారి. యూనికేబుల్ ఎల్ఎన్‌బీ పెట్టడం ఇంకో దారి, అందులో పాత ప్రమాణం ప్రకారం 8 ట్యూనర్ల దాకా, కొత్తదాని ప్రకారం 32 దాకా ఒకే వైరు మీద నడుస్తాయి, కాకపోతే పెట్టెకి కూడా యూనికేబుల్ తెలిసుండాలి.

## తాళంచెవి ఎవరి దగ్గర ఉంది

డబ్బులు కట్టే ఛానెళ్ళు ఎన్‌క్రిప్ట్ అయి వస్తాయి. వాటిని విప్పే కోడ్ కొన్ని సెకన్లకోసారి మారిపోతూ ఉంటుంది, ఆ కోడ్‌ని పెట్టెకి ఇచ్చేది స్మార్ట్‌కార్డ్ లేదా పెట్టె లోపలి చిప్. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియంది ఏంటంటే, విప్పిన బొమ్మని డిస్క్ మీద రాసేటప్పుడు పెట్టె మళ్ళీ తన సొంత కోడ్‌తో తాళం వేసి రాస్తుంది. ఆ కోడ్ ఆ పెట్టె చిప్‌లోనే ఉంటుంది, బయటికి రాదు.

దీని ఫలితం పెట్టె పాడైన రోజు కనిపిస్తుంది. డిస్క్ తీసి విండోస్ కంప్యూటర్‌కి పెడితే ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. లినక్స్‌లో పెడితే ఫైళ్ళు కనిపిస్తాయి, ఒక్కోటి 3, 4 జీబీ సైజు కూడా చూపిస్తుంది, ప్లే చేస్తే ఏమీ రాదు. డిస్క్‌కి ఏమీ కాలేదు, ఫైళ్ళూ బాగానే ఉన్నాయి, తాళంచెవి పాత పెట్టెతో పోయింది. అద్దెకిచ్చిన పెట్టెని ఆపరేటర్‌కి తిరిగిచ్చేసినా అంతే, డిస్క్ మన సొంతదైనా సరే.

టీవీకి యూఎస్‌బీ డిస్క్ పెట్టి రికార్డ్ చేసే పద్ధతిలో ఇది ఇంకా మనసుని కష్టపెడుతుంది, ఎందుకంటే చాలా కంపెనీల టీవీలు ఫ్రీ ఛానెళ్ళని కూడా ఇలాగే తాళం వేసి రాస్తాయి. అదే కంపెనీ అదే మోడల్ టీవీ ఇంకోటి తెచ్చి పెట్టినా తెరుచుకోదు. టీవీ మదర్‌బోర్డ్ మారిస్తే రిపేర్ అయిన అదే టీవీ తన పాత రికార్డింగుల్ని గుర్తుపట్టదు. ఇంట్లో వాళ్ళు టీవీలో కనిపించిన ప్రోగ్రాం ఏళ్ళ తరబడి దాచుకుందాం అనుకునేవాళ్ళకి ఈ ఒక్క విషయం ముందే తెలియాలి. వచ్చే వారం చూసి తీసేద్దాం అనుకునేవాళ్ళకి మాత్రం దీనివల్ల ఏ నష్టమూ లేదు, వాళ్ళకి ఇదే అన్నిటికంటే చవకైన మంచి దారి.

ఆపరేటర్ల వైపు నుంచి చూస్తే వాళ్ళ మాటా ఉంది. సినిమాల, ఆటల హక్కులు అమ్మేవాళ్ళు కాపీ బయటికి పోకూడదనే షరతు మీదే ఛానెల్‌కి ఇస్తారు, ఆ షరతు లేకపోతే ఆ ప్రోగ్రామే మన దాకా రాదు అంటారు. అందుకే సిగ్నల్‌తో పాటే ఎంత కాపీ చేయొచ్చు, ఒక్కసారా, ఎన్నిసార్లైనానా, అసలు కూడదా అని గుర్తు పంపించే ఏర్పాటు ఉంది. జపాన్‌లో ముందు ఒక్క కాపీకే వదిలేవాళ్ళు, అది కూడా కాపీ చేస్తే అసలుది చెరిగిపోయేది, జనం గొడవ పెట్టాక 2008 జులై నుంచి 'డబ్బింగ్ 10' అని పది సార్లకి పెంచారు. అమెరికాలో 2003లో బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్ అని ఇలాంటి రూలే పెడితే 2005లో అప్పీల్ కోర్టు కొట్టేసింది. ఇప్పుడు అక్కడ ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త ప్రసారాల్లో యాంటెన్నాకి ఫ్రీగా వచ్చే ఛానెళ్ళలో కూడా ఎన్‌క్రిప్షన్ పెట్టడం మొదలైంది, దాంతో నెట్‌వర్క్ ట్యూనర్ కొన్నవాళ్ళకి హార్డ్‌వేర్ బాగానే ఉన్నా ఆ ఛానెళ్ళు తెరుచుకోక గొడవగా ఉంది. ఒకరోజు ఓపెన్‌గా ఉన్న సిగ్నల్ రేపు మూసుకోవచ్చు అనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

మరి సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐ వైరు నుంచి రికార్డ్ చేస్తే పోలా అని చాలామంది అడుగుతారు. పేమెంట్ ఛానెళ్ళ పెట్టెలు హెచ్‌డీఎంఐ మీద హెచ్‌డీసీపీ అనే ఇంకో తాళం వేస్తాయి, అప్పుడు రూల్ ప్రకారం తయారైన క్యాప్చర్ కార్డులో (హెచ్‌డీఎంఐ బొమ్మని రికార్డ్ చేసే పరికరం) నల్ల స్క్రీనే వస్తుంది.

## గైడ్ సరిగ్గా లేకపోతే మ్యాచ్ చివరి ఓవర్ దొరకదు

డీవీఆర్‌కి ప్రోగ్రాం పేరు, టైం చెప్పేది ఈపీజీ, అంటే స్క్రీన్ మీద వచ్చే గైడ్. రెండు పెట్టెలు చూడ్డానికి ఒకేలా ఉన్నా ఇక్కడ పెద్ద తేడా ఉంటుంది. మొదటి రకం గైడ్‌లో టైం చూసి అలారం పెట్టుకున్నట్టు ఆ టైంకి మొదలెట్టి ఆ టైంకి ఆపేస్తుంది. మ్యాచ్ 40 నిమిషాలు ఎక్కువ నడిస్తే చివరి ఓవర్లు పోయినట్టే. రెండో రకం ఛానెల్ సిగ్నల్‌లో పంపే 'ఇప్పుడు నడుస్తున్నది, తర్వాత వచ్చేది' అనే సమాచారం చూస్తూ ప్రోగ్రాం నిజంగా మారినప్పుడే ఆపుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు, జర్మనీలో క్యాసెట్ వీసీఆర్‌ల కాలంలోనే 1985లో వీపీఎస్ అని ఇలాంటి గుర్తు పంపేవాళ్ళు. బ్రిటన్‌లో యాంటెన్నాకి ఫ్రీగా వచ్చే ఫ్రీవ్యూలో ప్రతి సిరీస్‌కీ ఒక గుర్తింపు కోడ్ కూడా వస్తుంది, అందుకే అక్కడ సిరీస్ మొత్తం రికార్డ్ చేయమంటే టైం మారినా డీవీఆర్ పట్టుకుంటుంది. కానీ ఛానెల్ వాళ్ళు ఆ సమాచారం సరిగ్గా పంపితేనే ఇదంతా. పంపకపోతే ఎంత మంచి పెట్టె అయినా అలారం గడియారమే, ముందు వెనక నిమిషాలు పెంచుకోవడం తప్ప దారి లేదు.

ఇంటర్నెట్ నుంచి గైడ్ తెచ్చుకునే పెట్టెలకి ఇంకో ప్రశ్న ఉంటుంది, ఆ గైడ్ ఇచ్చేవాళ్ళు ఎన్నాళ్ళు ఇస్తారు అని. విండోస్ మీడియా సెంటర్ వాడి కంప్యూటర్‌నే డీవీఆర్ చేసుకున్నవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు, 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ గైడ్ ఆపేసింది. ట్యూనర్లు, డిస్క్, సాఫ్ట్‌వేర్ అన్నీ పనిచేస్తూనే ఉన్నాయి, ప్రోగ్రాం పేర్లు మాత్రం రావడం ఆగిపోయాయి.

## హార్డ్‌డిస్కా, ఎస్ఎస్‌డీనా, పెన్‌డ్రైవా

లైవ్ పాజ్ చేయడానికి వీలుగా చాలా పెట్టెలు మనం అడగకపోయినా చూస్తున్న ఛానెల్‌ని ఎప్పుడూ రాస్తూనే ఉంటాయి. 8 ఎంబీపీఎస్ హెచ్‌డీ రోజంతా రాస్తే 86 జీబీ, ఏడాదికి దాదాపు 31.5 టీబీ. 1 టీబీ ఎస్ఎస్‌డీల్లో చాలావాటికి 600 టీబీ దాకా రాయొచ్చని గ్యారంటీ ఇస్తారు, రెండు ట్యూనర్లు ఆపకుండా రాసినా 9 ఏళ్ళు దాటాలి, అంటే ఎస్ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం ఇక్కడ ఎక్కువే. పెన్‌డ్రైవ్ సంగతి వేరు, అది ఆపకుండా రాయడానికి తయారైంది కాదు, కాసేపటికి వేగం పడిపోయి రికార్డింగ్‌లో బొమ్మ గళ్ళుగళ్ళుగా విరుగుతుంది.

హార్డ్‌డిస్క్‌కి వేగం సమస్య కాదు, నాలుగు హెచ్‌డీ ఛానెళ్ళు ఒకేసారి రాసినా సెకనుకి 4 ఎంబీయే. దానికి సమస్య కరెంట్. టీవీ వెనకుండే యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీఆంపులు, డిస్క్ తిరగడం మొదలెట్టే క్షణంలో అంతకంటే ఎక్కువ లాగుతుంది. అప్పుడు టిక్ టిక్ అని శబ్దం వస్తుంది, డిస్క్ కనపడి మాయమవుతుంది, సగం రికార్డింగ్ మిగులుతుంది. సొంత అడాప్టర్ ఉన్న డిస్క్ పెట్టిన ఇళ్ళలో ఈ బాధ లేదు.

## క్లౌడ్ వాళ్ళ వాదన, దానికి జవాబు

ఇంట్లో టీవీ రికార్డ్ చేసుకోవడం తప్పా అన్న ప్రశ్న మీద అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరిలో సోనీ బీటామాక్స్ వీసీఆర్ కేసులో తీర్పిచ్చింది, తర్వాత చూసుకోడానికి రికార్డ్ చేసుకోవడం న్యాయమైన వాడకమే అని, అదీ 5-4 తేడాతో. ఒక్క ఓటు అటు పడుంటే వీసీఆర్ చరిత్ర వేరేగా ఉండేది. 2008లో కేబుల్‌విజన్ అనే కేబుల్ కంపెనీ కేసులో ఆ డిస్క్ ఇంట్లో కాకుండా కంపెనీ సర్వర్‌లో ఉన్నా పర్లేదని అప్పీల్ కోర్టు ఒప్పుకుంది. అందులో కీలకం ఏంటంటే ప్రతి కస్టమర్‌కీ విడిగా ఒక కాపీ రాయడం, ఒకే ప్రోగ్రాంని వెయ్యిమంది రికార్డ్ చేయమంటే వెయ్యి కాపీలు. చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, ఈ తీర్పులు అమెరికావే, అయినా క్లౌడ్ డీవీఆర్ అనే వ్యాపారానికి పునాది ఇక్కడ పడింది.

క్లౌడ్ వైపు మాట్లాడేవాళ్ళ బలం నిజమైన బలమే. ట్యూనర్ల తగువు లేదు, డిస్క్ పోదు, వైరు లాగక్కర్లేదు, ఊరెళ్ళినా ఫోన్‌లో చూడొచ్చు. అమెరికాలో నెలనెలా డబ్బులు కట్టి చూసే యూట్యూబ్ టీవీలో అయితే రికార్డింగులకి సైజు పరిమితే లేదు. కానీ ఒక్కోటి 9 నెలలే ఉంటుంది, ఆ తర్వాత పోతుంది, నెల డబ్బులు ఆపిన రోజు నుంచి చూడలేం. ఓటీటీ ఉండగా రికార్డింగ్ ఎందుకు అనేవాళ్ళ మాట కూడా కొత్త సీరియళ్ళ వరకు కరెక్టే, చాలా ఛానెళ్ళు ప్రసారమైన గంటల్లోనే తమ యాప్‌లో పెట్టేస్తున్నాయి. లోకల్ వార్తలు, చర్చా కార్యక్రమాలు, చిన్న ఛానెళ్ళ పాత ప్రోగ్రాములు, హక్కులు చేతులు మారే ఆటలు మాత్రం ఏ యాప్‌లోనూ నిలకడగా దొరకవు. సొంత రికార్డింగ్ పట్టుకుని వేలాడేవాళ్ళంతా నిజానికి వీటి కోసమే వేలాడుతున్నారు, వాళ్ళ బాధ నాకు పూర్తిగా అర్థమవుతుంది.

## యాడ్స్ దాటేయడం అనే ఫీచర్ ఎప్పుడైనా పోవచ్చు

చాలామంది డీవీఆర్ కొనేది దీని కోసమే కాబట్టి ఇదీ తెలియాలి. రీప్లేటీవీ 4000 సిరీస్‌లో యాడ్స్ వాటంతట అవే దాటిపోయే ఫీచర్ పెడితే 2001లో టీవీ నెట్‌వర్కులు కేసు వేశాయి, తయారు చేసిన సోనిక్‌బ్లూ 2003లో దివాలా తీసింది, తర్వాత రీప్లేటీవీని కొనుక్కున్న కంపెనీ ఆ ఫీచర్ తీసేసింది. అమెరికాలోని డిష్ నెట్‌వర్క్ 2012లో ఆటోహాప్ అని మళ్ళీ తెచ్చింది, కేసులు నడిచాక 2014లో రాజీకొచ్చి డిస్నీకి చెందిన ఏబీసీ ప్రోగ్రాముల్లో 3 రోజుల దాకా, సీబీఎస్‌వి 7 రోజుల దాకా అది పనిచేయకుండా పెట్టింది. పెట్టె కొన్నవాళ్ళింట్లో ఏమీ మారలేదు, కంపెనీల మధ్య ఒప్పందం మారింది, ఆ కొన్ని రోజులు ఫీచర్ పనిచేయడం మానేసింది.

తాళం లేని ఫైల్ సొంత కంప్యూటర్‌లో ఉన్నవాళ్ళు కామ్‌స్కిప్ లాంటి ప్రోగ్రాం వాడతారు. యాడ్ ముందు వచ్చే నల్ల ఫ్రేము, క్షణం పాటు సైలెన్స్, మూలన ఛానెల్ లోగో మాయమవడం ఇవన్నీ చూసి ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా యాడ్ అని అది గుర్తు పెడుతుంది. యాడ్స్‌లో కూడా లోగో తీయని ఛానెళ్ళలో తరచూ బోల్తా పడుతుంది, సినిమాలో చీకటి సీన్‌ని యాడ్ అనుకుంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు దాంతో ఫైల్‌ని కోయించరు, గుర్తులు మాత్రం పెట్టించుకుని చూసేటప్పుడు దూకుతారు, తప్పు గుర్తు పడితే వెనక్కి జరుపుకుని ఆ సీన్ చూసుకుంటారు.